గంజాం కలెక్టరు గారికి: విజిట్ వీసా పని అనుమతి కాదు

అయ్యా,

బరంపురం, ఛత్రపురం వైపు మన తెలుగు కుర్రాళ్లను ఏజెంట్లు విజిట్ వీసా మీద గల్ఫ్‌కు పంపుతున్నారు. ఆ వీసాతో పని చేయడం అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు చేతిలో కాగితం ఉండదు.

పది పాసవనివాళ్లది సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే గల్ఫ్‌లాంటి చోట్ల పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి అవసరమైనది. ఉద్యోగ వీసా, జీతం రాసిన ఒప్పందం, 10 లక్షల ప్రవాసీ బీమా చూపి కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఆ అనుమతి తీసుకున్నాకే విమానం ఎక్కాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలడిగారంటే అనుమానించాల్సిందే.

పేరు దగ్గరా చిక్కే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఒప్పందంలో పొడి అక్షరమే ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. సంతకానికి ముందే సరిచూడాలి.

అందుకే ప్రతి బ్లాకు ఆఫీసులో ఏజెంటు లైసెన్సు నంబరు వెతికిపెట్టే మనిషిని కూర్చోబెట్టండి. ఒడియాతోపాటు తెలుగూ చదవగలవాళ్లయితే మరీ మేలు.