అడిగినవారికి జవాబు ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

అయ్యా,

చిన్న వ్యాపారులు సామాజిక మాధ్యమాలను వాడుకోవాలని చెప్పే వ్యాసాలు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. రోజుకు ఎన్ని పోస్టులు పెట్టాలి, ఏ వేళకు పెట్టాలి, ఫాలోవర్లను ఎలా పెంచుకోవాలి అన్న సంగతులు వాటిలో వివరంగానే ఉంటాయి. అయితే ఆ పోస్టు చూసి ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే దానికి ఎవరు, ఎప్పటిలోగా, ఏ తీరున జవాబు చెప్పాలన్నది మాత్రం చాలా వ్యాసాల్లో కనిపించదు. కుట్టుమిషన్లు బాగుచేసి బతుకుతున్నవాడిగా, కొన్నేళ్లుగా ఫోనులోనే సగం బేరాలు మాట్లాడుతున్నవాడిగా, ఆ మిగిలిపోయిన భాగం గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదటి ఏడాది నేనూ అందరిలాగే శుభాకాంక్షల బొమ్మలు, తగ్గింపు ప్రకటనలు పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి. తీరా చూస్తే వాటిలో చాలావరకు బంధువులవీ, తోటి మెకానిక్కులవీ. వాటిని చూసి మిషను పట్టుకొచ్చినవారు ఒక్కరూ లేరు.

మార్పు వచ్చింది ఒక మామూలు వీడియోతో. దాదాపు రోజూ నేను వినే ప్రశ్న ఒకటుంది: "బట్ట అడుగున దారం ఉండలు కడుతోంది, బాబిన్ పాడైందా?" చిక్కు కింద కనబడుతుంది కాబట్టి అందరూ బాబిన్ అనే చిన్న చక్రానికి చుట్టిన కింది దారాన్నే అనుమానిస్తారు గాని, ఎక్కువసార్లు తప్పు పై దారంలో ఉంటుంది. బట్టను నొక్కిపట్టే మిషను పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పట్టు లేని ఆ దారమంతా అడుగుకు పోయి ఉండ కడుతుంది. పాదం పైకెత్తి, దారం మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే చాలా మిషన్లు అక్కడికక్కడే దారికి వస్తాయి. ఈ మాటే చెబుతూ, నా నూనె చేతులు తప్ప మొహం కనబడని చిన్న వీడియో ఒకటి పెట్టాను. ఇంట్లోనే సరిచేసుకోగల పనిని ఉచితంగా చెప్పేస్తే బేరం పోతుందని మా కుర్రవాడు గొణిగాడు. జరిగింది వేరు. అది చూసి మిషను సరిచేసుకున్నవారే, తరువాత నిజంగా మోటారు మొరాయించినప్పుడు, మొదట నాకు సందేశం పంపారు. కొందరైతే మిషను చప్పుడును రికార్డు చేసి వినిపించి, "ఇది తెమ్మంటారా, అక్కర్లేదా?" అని అడిగారు. అక్కర్లేదని చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. వారు ఇంకొకరిని పంపారు.

అందుకని ఏం పోస్టు చేయాలో తెలియడం లేదనే వ్యాపారులకు నేను చెప్పేది, కొనేవారు రోజూ అడిగే ప్రశ్నలను ఒక వారం పాటు కాగితం మీద రాసుకోమని. ఆ కాగితమే ఆరు నెలలకు సరిపోతుంది. "ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి" అని రాసేవారిని మాత్రం నేను ఇప్పటికీ అర్థం చేసుకోలేను. ధర అడిగిన మనిషి దుకాణంలో ఎదురుగా నిలబడితే పక్క గదిలోకి రమ్మంటామా?

ఇక వేళ సంగతి. జవాబు ఆలస్యమైతే అడిగినవారు ఇంకొకరిని అడుగుతారు, అంతే. వారు చెప్పి వెళ్లరు గనుక మనకు నష్టం తెలియదు. అలాగని రాత్రి పగలు ఫోనుకు అతుక్కుని కూర్చోవడం ఒంటిచేతి వ్యాపారికి కుదిరే పని కాదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో, పని వేళలు ముగిశాక తనంతట తానే వెళ్లే సందేశాన్నీ, తరచూ చెప్పే జవాబులనూ ముందే రాసి పెట్టుకోవచ్చు. నేను రాసి పెట్టుకున్న సందేశం "రేపు ఉదయం పదిలోపు జవాబిస్తాను" అన్న ఒక్క వాక్యం. ఆ పది దాటనివ్వకపోవడమే కష్టం.

ఫిర్యాదు విషయంలో నేను చేసిన తప్పును కూడా దాచను. బాగుచేసి ఇచ్చిన మిషను వారం తిరక్కుండానే ఆగిపోయిందని ఒకావిడ నా పోస్టు కింద వ్యాఖ్య రాశారు. నలుగురూ చూస్తారన్న భయంతో దాన్ని తీసేశాను. ఆవిడ ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకున్నారు. సాయంత్రానికి ఆ బొమ్మను "నిజం రాస్తే చెరిపేస్తారట" అన్న మాటతో పాటు ఆవిడే పోస్టు చేశారు. అప్పుడు ఆ పోస్టు కిందే, అందరికీ కనబడేలా, పొరపాటు నాదేనని ఒప్పుకుని, మిషను తెప్పించి ఖర్చు లేకుండా చేసి ఇచ్చాను. ఆవిడ తన పోస్టు తీయలేదు, కింద "చేసి ఇచ్చారు" అని మాత్రం రాశారు. ఆ రెండు మాటలు నేను పెట్టిన ప్రకటనలన్నింటికంటే ఎక్కువ పని చేశాయి. వ్యాఖ్య రాసినవారికి చెప్పే జవాబును, మనల్ని ఇంకా నమ్మాలో లేదో తేల్చుకోనివారు ఎంతోమంది చదువుతుంటారు.

ఇంత చెప్పినా, ఆ వేదికలు మనవి కావని మరిచిపోకూడదు. స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు పెద్దపీట వేస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించాక, వ్యాపార పేజీల పోస్టులు డబ్బు కట్టకుండా జనానికి చేరడం ఇంకా తగ్గింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటల పాటు ఒకేసారి మూగబోయాయి. ఫాలోవర్ల లెక్క ఎంత ఉన్నా ఆ ఆరు గంటలూ అది ఎందుకూ కొరగాలేదు.

అప్పటినుంచి, వచ్చిన ప్రతివారి పేరు, నంబరు, మిషను రకం, చేసిన పని, వారి అనుమతితోనే ఒక పుస్తకంలో రాసి ఉంచుతున్నాను. ఆరు నెలలు దాటినవారికి "నూనె వేశారా?" అని ఒక్క సందేశం పంపుతాను, వద్దన్నవారి పేరు పక్కన గీత పెడతాను. మీ పత్రికలో ఈ విషయం మీద మళ్లీ వ్యాసం వేసేటప్పుడు, ఫాలోవర్ల సంఖ్య గురించి రాసినంత చోటులో కనీసం సగం ఈ పుస్తకం వంటి వాటికీ, జవాబులకూ కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కుట్టుమిషన్ల మెకానిక్కు, మీ పాఠకుడు