గీత గీసేముందు ఆ ఏడు మండలాలను గుర్తు చేసుకోండి

గౌరవనీయులైన కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నియోజకవర్గాల పునర్విభజన మాట వస్తే చాలు, అందరూ సీట్ల లెక్కల్లో పడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లు 225 కావాలని, తెలంగాణలో 119 సీట్లు 153 కావాలని 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టం 26వ సెక్షన్‌లో ఉంది కాబట్టి మా దగ్గర ఆ ఆశ మరీ ఎక్కువ. నా బాధ సీట్ల గురించి కాదు. గీత ఏ ఊరి మీదుగా పోతుందో ఆ ఊరివాళ్లకు ముందుగా ఎవరు చెబుతారన్నదే నా దిగులు.

2014 ఏప్రిల్ 30న చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు లాంటి మండలాల జనం వరుసలో నిలబడి ఓటేశారు. నెల తిరక్కుండానే, మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి. వాళ్లు ఓటేసిన నియోజకవర్గాల ఎమ్మెల్యేలేమో తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. 2018 సెప్టెంబరులో గానీ ఈ ఊళ్లను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో కలపలేదు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యేకు వాళ్లు ఓటేసింది 2019లో. ఆ మధ్య కాలమంతా నిర్వాసితుల పరిహారం, పునరావాసం గురించి అడగాల్సిన కాలమే. వాళ్లు ఎన్నుకున్న మనిషి ఒక్కరైనా ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో లేచి అడిగే వీలు లేకుండా పోయింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అది రాష్ట్రం విడిపోయినప్పటి ప్రత్యేక పరిస్థితి అంటారేమో. మరి తెలంగాణలోని హుస్నాబాద్ చూడండి. 2008లో గీసిన నియోజకవర్గం అలాగే ఉంది, దాని కింద జిల్లాలు మారిపోయాయి. ఇప్పుడు ఆ ఒక్క నియోజకవర్గం సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ జిల్లాల్లో పరచుకుని ఉంది. ఎమ్మెల్యే ఒకరు, కలెక్టర్లు ముగ్గురు.

2002 పునర్విభజన చట్టం మంచిదే. భౌగోళిక స్వరూపం, పాలనా విభాగాల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడమని అందులో ఉంది. బహిరంగ విచారణలు కూడా జరపమంది. కానీ ఒక చోట నాకు మనసొప్పడం లేదు. తుది ఉత్తర్వును కనీసం రెండు స్థానిక భాషా పత్రికల్లో వేయాలి, రేడియోలో, టీవీలో చెప్పాలి అన్నారు. ముసాయిదాకు మాత్రం గెజిట్ (ప్రభుత్వ ప్రకటనల పత్రిక) చాలు, మిగతాది పునర్విభజన కమిషన్ ఇష్టం. అంటే అభ్యంతరం చెప్పే వీలున్నప్పుడు గెజిట్‌లో ఉంటుంది, ఆ వీలు పోయాక ఊరంతా చాటుతారు. పల్లెల్లో గెజిట్ చదివేదెవరు సార్? పైగా తుది ఉత్తర్వు మీద కోర్టుకు వెళ్లడం దాదాపు కుదరదు. రాజ్యాంగం 329వ అధికరణ అడ్డు. కమిషన్‌కు సహాయంగా రాష్ట్రానికి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు ఉంటారు గానీ వాళ్లకు ఓటు హక్కు లేదు. అది సబబే, తమ సీటు గీత తామే గీసుకోకూడదు కదా. అలాంటప్పుడు జనం మాటకే విలువ పెరగాలి.

తర్వాతి కమిషన్ కోసం చట్టం ముసాయిదా రాసేది మీ శాఖే. గీత మారుతున్న ప్రతి పంచాయతీ కార్యాలయం గోడ మీద, తెలుగులో, ఊరి పేర్లతో, మ్యాపుతో నియోజకవర్గాల ముసాయిదా అంటించాలని అందులో రాయించండి. అభ్యంతరాలకు కనీసం 60 రోజులు ఇవ్వండి. విచారణ రాజధానిలో ఒక్కరోజుతో ముగించకుండా, హద్దు మారే మండలాల దగ్గరికి తీసుకెళ్లండి. చింతూరు, కూనవరం లాంటి చోట్ల గ్రామసభ పెట్టి కోయ భాషలో కూడా చదివి వినిపించాలి. అచ్చు కాగితం అంటించినంత మాత్రాన అక్కడ అందరికీ చెప్పినట్టు కాదు.

ఇట్లు
ఒక తెలుగు ఓటరు