పాత కార్లంటే రోల్స్‌రాయిస్‌లేనా?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో పాత కార్ల వ్యాసం నిజాం రోల్స్‌రాయిస్‌తో మొదలై దానితోనే ముగిసింది. కాలిఫోర్నియాలో మెకానిక్‌గా పనిచేసిన నాకు మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను. 1932 ఫోర్డ్ కారు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను 65 హార్స్‌పవర్. మామూలు కుర్రాళ్లు ఆ కారు మడ్‌గార్డులు ఊడదీసి, పైకప్పు కోసి కిందికి దించి, అదనపు కార్బురేటర్లు బిగించి వేగం కోసం ఎండిన సరస్సుల్లో తోలేవారు. వీటినే హాట్ రాడ్లు అంటారు. అలాంటి ఒక కారుకు అతుకు వేసినచోట వెల్డింగ్ గీత పెయింటు కింద నా వేలికి తగిలింది. ఎంత నున్నగా ఉందో! పాత ఇనుప సామాను కొట్లో ఏరుకున్న భాగాలతో చేసిన పని అది. 1950లో శాంటా ఆనా విమానాశ్రయ రన్‌వే మీద తిన్నగా పావుమైలు తోలే కార్ల పందేలు మొదలయ్యాయి. లాంగ్‌బీచ్‌ దగ్గర లయన్స్ స్ట్రిప్ అనే అలాంటి పందేల బాట మాత్రం 1972లో మూతపడింది, నాకు ఇప్పటికీ బాధే. రాజుల బళ్ల గురించి రాశారు, సంతోషం. ఈ చేతిపనివాళ్ల గురించి కూడా ఒక్క వారం రాయండి. అమెరికా వచ్చే పాఠకులకు పొమోనాలోని వాలీ పార్క్స్ కార్ల పందేల మ్యూజియం పేరు చెప్పండి.

— ఒక పాఠకుడు, కాలిఫోర్నియా