నాన్న బొబ్బలు, నా లెక్కలు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "యాంటీబయాటిక్ రాశారంటే ఇన్ఫెక్షనేగా, ఇంట్లో అందరికీ అంటుకుంటుందేమో చూసుకోరా" అన్నావు. నాకూ అదే టెన్షన్ కాబట్టి ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత డాక్టరుగారి బుర్ర తిని, కాస్త చదివి ఇప్పుడు రాస్తున్నాను.

నాన్నకు మూడు నెలలు ఒకటే దురద. మొదట చూసిన డాక్టరు గజ్జి అన్నాడు. ఆ మందు ఇంటిల్లిపాదీ పూసుకున్నాం, నవ్వకు. ఆ తర్వాత బొబ్బలు లేచాయి. మామూలు బొబ్బ బట్ట రాసుకున్నా చితుకుతుందా, ఇవి అలా కాదు. గోళీల్లా బిగుసుకుని, లోపల తేటనీరు కనిపిస్తూ ఉంటాయి. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపితే బుల్లస్ పెంఫిగాయిడ్ అని తేలింది. పై చర్మాన్ని కింది పొరకు పట్టి ఉంచే ప్రొటీన్ల మీద ఒంట్లోని యాంటీబాడీలే ఎగబడతాయి. అతుకు ఊడినచోట నీరు చేరుతుంది. అంతే, ఎవరికీ అంటుకోదు.

మరి డాక్సీసైక్లిన్ అనే ఆ యాంటీబయాటిక్ ఎందుకు రాశారంటావా? ఇక్కడ దాన్ని క్రిముల్ని చంపడానికి వాడరు, మంటా వాపూ అణచడానికి వాడతారు. తెల్ల రక్తకణాలు గుమిగూడకుండా, చర్మాన్ని కొరికే ఎంజైములు చెలరేగకుండా అడ్డుపడుతుంది. బ్రిటన్, జర్మనీల్లో ఈ జబ్బున్న 253 మందితో చేసిన ట్రయల్ 2017లో అచ్చయింది. రోజుకు 200 మిల్లీగ్రాముల డాక్సీతో మొదలుపెట్టినవాళ్లలో, ఆరు వారాలకు 74 శాతం మందికి బొబ్బలు మూడుకు మించలేదు. స్టెరాయిడ్‌తో మొదలుపెట్టినవాళ్లలో 91 శాతం. స్టెరాయిడే నెగ్గిందిగా అంటావు, నేనూ అదే అన్నాను. కానీ ఏడాదిలో మందు తెచ్చిన తీవ్రమైన ఇబ్బందులు చూస్తే స్టెరాయిడ్‌కు 36 శాతం, డాక్సీకి 18. షుగరున్న పెద్దాయనకు ఏది మేలు? నా ఓటు డాక్సీకే.

చర్మానికి వచ్చే టీ-సెల్ లింఫోమా అనే క్యాన్సర్‌లో మాత్రం కథ తిరగబడుతుంది. అక్కడ యాంటీబయాటిక్స్ నిజంగా క్రిమిని చంపడానికే ఇస్తారు. దెబ్బతిన్న చర్మం మీద స్టాఫ్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తిష్ఠ వేసి, దాని విషాలతో క్యాన్సర్ కణాల్ని రెచ్చగొడుతుందట. డెన్మార్క్ పరిశోధకులు జబ్బు ముదిరిన కొద్దిమందికి గట్టి యాంటీబయాటిక్స్ ఇస్తే, చర్మం తేరుకోవడంతో పాటు ఆ కణాల జోరూ తగ్గిందని 2019లో రాశారు. అలాగని క్యాన్సర్ చికిత్సకు అది బదులు కాదులే.

నాన్నతో అసలు గొడవ వేరే. మాత్ర వేసుకోగానే నడుం వాల్చేస్తాడు. అది గొంతులో ఆగితే అన్నవాహికకు పుండు పడుతుంది. అందుకని గ్లాసుడు నీళ్లు తాగించి, అరగంట కబుర్లతో కూర్చోబెడుతున్నాను. నీ పెళ్లి కబుర్లన్నీ అయిపోయాయి, కొత్తవి ఏవైనా పంపు.

రోజూ రాత్రి కొత్త బొబ్బలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మొదటి రోజు పద్నాలుగు. నిన్న రెండు. కాదు ఒకటే అని నాన్న వాదన. మోచేతి మీదిది దోమకాటట.

నీ
సత్తి