మగ్గం గదిలో నీ ఆఫీసు

మంగళగిరి,
ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ క్షేమం. నువ్వూ, అల్లుడుగారూ, పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొన్న ఫోనులో నువ్వడిగినదానికి "నీ ఇష్టం తల్లీ" అని ఊరుకున్నాను గానీ, ఫోను పెట్టేసిన తర్వాత అది జవాబు కాదని నాకే తోచింది. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలని మీ కంపెనీ అంటోందనీ, అదే సమయంలో మన దేశంలో ఆఫీసే లేని ఒక విదేశీ సంస్థ ఎప్పటికీ ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం ఇస్తానంటోందనీ చెప్పి, "ఆఫీసుల కాలం ఇక అయిపోయినట్టేనా అమ్మా?" అని అడిగావు. నాలుగు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మీటింగు ఉందంటావు కనుక, తీరిగ్గా చదువుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

2020 మార్చిలో, జనతా కర్ఫ్యూకు ముందు రోజు రాత్రి, భుజాన లాప్‌టాప్ సంచితో నువ్వు ఇంటికి వచ్చావు. రెండు వారాలంటే రెండేళ్లయింది. ఆ రెండేళ్లూ నువ్వు బల్ల వేసుకుని కూర్చున్నది నడిమి గదిలో, సరిగ్గా ఆ పెద్ద నాపరాయి బండ మీద. ఆ బండ కింద మీ తాతయ్య, అంటే మా నాన్న, కాళ్ళు దింపుకుని కూర్చుని నేసిన గుంటమగ్గం తాలూకు గుంట ఉంది. ఆయన పోయాక 2004లో మగ్గం తీసేసి పైన బండ పరిపించాం. ఆ మగ్గం చప్పుడు నీకు గుర్తుండే ఉంటుంది. ఇంటి నుంచి పని చేయడం నీతోనే మొదలైందని నువ్వనుకుంటున్నావు గానీ, ఈ ఇంట్లో మూడు తరాల వాళ్ళు ఇంటి నుంచే పని చేశారు. గడప దాటి ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. అందువల్ల ఈ విషయంలో నాకు రెండు వైపులా తెలుసునని అనుకుంటున్నాను.

మంచి ముందు చెబుతాను. తాతయ్య నెత్తిన నిలబడి అజమాయిషీ చేసేవాడెవడూ లేడు. మేము బడి నుంచి వచ్చేసరికి ఆయన కళ్ళెదుటే ఉండేవాడు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మగ్గం పక్కనే మంచం వేయించి, పోగును అటూ ఇటూ నడిపే నాడె విసురుతూనే నన్ను చూసుకున్నాడు. ఆ సుఖం నీకూ పాప విషయంలో తెలుసు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

అయితే ఆ పనికి మొదలూ చివరా ఉండేది కాదు. మా అమ్మ కోడికూతకు లేచి రాట్నం ముందు కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. ఆ తర్వాత వంట, మళ్ళీ కండెలు, రాత్రి దీపం కింద మళ్ళీ అవే. నూలిచ్చి నేయించుకునే షావుకారు ఇచ్చే మజూరీ చీరకు మాత్రమే. ఆ కండెల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. నేల మాది, మగ్గం మాది, దీపంలో నూనె మాది, వానాకాలంలో గుంటలో నీరూరి పని ఆగిపోతే ఆ పస్తు కూడా మాదే. అంచులో ఎక్కడైనా పోగు జారితే మజూరీలో కోత. నాన్న ఒక్కడే వెళ్ళి, ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడి, ఇచ్చినంత తీసుకుని వచ్చేవాడు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనివారున్నారనీ, వారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలేననీ తేల్చింది. ఇంటి పని భవిష్యత్తు గురించి పత్రికల్లో రాసేవారు ఒక్కసారి వీరి ఇళ్ళలోకి కూడా తొంగి చూస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మీ తరం ఇప్పుడు ఎదుర్కొంటున్న ప్రశ్నలను వీళ్ళు ఎన్నో తరాలుగా ఎదుర్కొంటూనే ఉన్నారు. ఆ రెండేళ్లూ నీ కరెంటు, నీ ఇన్వర్టరు, నీ నడుము నొప్పి ఎవరి ఖర్చో గుర్తు చేసుకో. రాత్రి పదకొండు గంటలకు అమెరికా వాళ్ళ పిలుపు వస్తే, తింటున్న కంచం వదిలి ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదానివి. అప్పుడు నాకు మా అమ్మ రాట్నమే జ్ఞాపకం వచ్చేది. నీకు చెప్పలేదు.

ఒక్క పని మాత్రం ఇంట్లో సాగేది కాదు. పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పట్టించడం. తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, వీధి పొడవునా పడుగు చాచి, కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో అటొకరూ ఇటొకరూ దువ్వుకుంటూ పోయేవారు. అది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఇవాళ మన పడుగుకు నలుగురు వస్తే, రేపు వాళ్ళ పడుగుకు నాన్న వెళ్ళాలి. ఏ షావుకారు ఏ రకానికి ఎంత ఇస్తున్నాడో బయటపడేది అక్కడే. ఎవరి ఇంట్లో జబ్బు ఉందో, ఎవరికి అప్పు కావాలో తెలిసేది అక్కడే. పదిహేనేళ్ల కుర్రాడు తెగిన పోగును ముడి కనిపించకుండా అతకడం పెద్దల చేతులు చూసి నేర్చుకున్నదీ అక్కడే. ఎవరూ వాడికి పాఠం చెప్పలేదు, పక్కన నిలబడ్డాడు, అంతే. ఇళ్ళలో విడివిడిగా నేసుకునే మనుషులను ఒక వృత్తివారుగా నిలబెట్టింది, నా ఉద్దేశంలో, ఆ వీధే.

నేను 1982లో గుంటూరులో బ్యాంకు గుమాస్తాగా చేరినప్పుడు నాకు దొరికింది కూడా అటువంటి వీధే. బస్సులో నిలబడి వెళ్ళి రావడం కష్టమే, ఆడపిల్ల ఉద్యోగమేమిటన్న మాటలూ పడ్డాను. కానీ సాయంత్రం లెడ్జరు సరిపోయి మూసేస్తే, ఆ పని అక్కడే ఉండిపోయేది, నా వెంట ఇంటికి వచ్చేది కాదు. జీతం ఎంతో అందరికీ తెలుసు, ఎక్కడైనా అన్యాయం జరిగితే మాట్లాడటానికి యూనియన్ ఉంది. మొదటి నెలలో లెక్క తేలక నేను ఏడుపు ముఖం పెట్టినప్పుడు, పక్క కౌంటరులోని పెద్దావిడ తన పని ఆపి, అంకెలు తారుమారై పడితే వచ్చే తేడా తొమ్మిదితో భాగించబడుతుందని చెప్పింది. ఆ ఒక్క ముక్క నా ఉద్యోగమంతా పనికొచ్చింది. ఆవిడ నా కుర్చీకి రెండడుగుల దూరంలో లేకపోతే నేనెవరిని అడిగేదాన్ని?

నువ్వు పంపిన ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ పరిశోధన గురించిన వ్యాసం రెండుసార్లు చదివాను. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణాల కంపెనీలో 2010 చివర మొదలుపెట్టి తొమ్మిది నెలల పాటు, కాల్ సెంటరు ఉద్యోగుల్లో కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయనిచ్చి, మిగతావారిని ఆఫీసులోనే ఉంచి చూశారు. ఇంట్లో ఉన్నవారి పని 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారు సగానికి తగ్గారు. నువ్వు ఈ భాగానికే గీత గీసి పంపావు. కింద ఉన్నది కూడా చూడు. చేసిన పనితో పోల్చి చూస్తే వారికి ప్రమోషన్లు తక్కువ వచ్చాయి. ప్రయోగం ముగిశాక ఎవరికి నచ్చింది వారు ఎంచుకోవచ్చునంటే, ఇంట్లో ఉన్నవారిలో సగం మంది ఆఫీసుకే తిరిగి వచ్చారు. ఒంటరితనం భరించలేకపోయామన్నారు. అదే కంపెనీలో 2021, 2022లలో 1,612 మందితో మరో ప్రయోగం చేశారు. ఈసారి కొందరికి వారానికి రెండు రోజులు మాత్రమే ఇల్లు, మిగతా రోజులు ఆఫీసు. మానేసేవారు మూడో వంతు తగ్గారు, పనికీ ప్రమోషన్లకూ నష్టం కనబడలేదు. నాకు నమ్మకం కలిగించింది ఈ రెండోది.

ఇక కంపెనీల మాటలను పట్టుకుని జీవితాన్ని నిర్ణయించుకోవద్దు. టీసీఎస్ 2020లో, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో పావు వంతు కంటే ఎక్కువ మంది ఏ సమయంలోనూ ఆఫీసులో ఉండనక్కర లేదని ప్రకటించింది. 2023 అక్టోబరు నాటికి ఐదు రోజులూ రమ్మంది. ఇంటి నుంచి పని చేసే ప్రపంచమంతా ఎవరి తెర మీద మాట్లాడుకుందో ఆ జూమ్ కంపెనీ కూడా, 2023లో, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్నవారు వారానికి రెండు రోజులు రావాలని చెప్పింది. అమెజాన్ 2025 జనవరి నుంచి ఐదు రోజులూ రమ్మంది. ఆఫీసు మానేసినప్పుడు "ఇక శాశ్వతం" అన్నారు, తిరిగి రమ్మన్నప్పుడు కూడా అంతే ధీమాగా అన్నారు. అవసరాన్ని బట్టి మారే మాటలవి. రేపు ఆ విదేశీ సంస్థ కూడా మార్చుకోదన్న హామీ ఏముంది?

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఇంటి పని ఆఫీసును పూర్తిగా తుడిచిపెట్టదు. అలాగని 2019 నాటి ఆఫీసు యథాతథంగా తిరిగి రాదు, రావాలని నేను కోరుకోను కూడా. నాగోలులో మెట్రో ఎక్కి ఆ లైను చివరిదాకా, రాయదుర్గం దాకా వెళ్ళి, అక్కడ మళ్ళీ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని వేరే దేశం వారితో మాట్లాడి తిరిగి రావడమే అయితే, ఆ ప్రయాణానికి అర్థం లేదని నువ్వన్నది నిజం. మనిషి కుర్చీలో ఉన్నాడా లేడా అని చూసుకోవడానికే ఉన్న ఆఫీసు పోతే పోనీ. నేర్చుకోవడానికీ, నేర్పడానికీ, ఒకరి జీతం ఒకరు తెలుసుకుని ఒకరికొకరు అండగా నిలవడానికీ ఉన్న ఆఫీసు పోకూడదు.

నేర్పడం గురించి నీకు గట్టిగా చెప్పాలని ఉంది. 2012లో నువ్వు చేరిన కొత్తలో, పక్క కుర్చీలో కూర్చున్న ఒక సీనియరు నీ తెర వైపు చూసి, అడగకుండానే తప్పు ఎక్కడుందో చూపించేవాడని ప్రతి ఆదివారం ఫోనులో చెప్పేదానివి. ఇప్పుడు నీ టీములో నలుగురు కొత్తవాళ్ళున్నారన్నావు. వాళ్ళలో ఒకమ్మాయి ప్రశ్న అడగడానికి మెసేజి రాసి, చెరిపేసి, మళ్ళీ రాస్తుందని నువ్వే చెప్పావు. అమెరికాలో ఒక పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద జరిగిన అధ్యయనం ప్రకారం, ఒకే భవనంలో దగ్గరగా కూర్చున్నవారికి తమ కోడ్ మీద సహోద్యోగుల సూచనలు ఎక్కువగా అందాయి, ఆ లాభం ముఖ్యంగా కొత్తవారికీ స్త్రీలకూ కలిగింది. సూచనలు ఇచ్చిన సీనియర్ల సొంత పని మాత్రం కొంత తగ్గింది. ఇంట్లో నీ పని బాగా సాగుతోందని నువ్వనడానికి ఇది కూడా ఒక కారణమేమో ఆలోచించు. నీ పని బాగా సాగుతున్నది, నీకు పని ముందే వచ్చు గనుక. నీకు నేర్పినవాళ్ళు తమ సమయం పోగొట్టుకున్నారు, ఇప్పుడు ఆ వంతు నీది.

పాప సంగతి నేను మరచిపోలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది, నువ్వు పైకి అనకపోయినా నాకు తెలుసు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 26 వారాల సెలవుతో పాటు, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఉన్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చుననీ రాశారు. మీ కంపెనీలో అది ఉందో లేదో, ఉంటే ఎలా ఉందో నువ్వు ఇంతవరకు చూడలేదు. ఆఫీసుకు రమ్మన్నవారిని ముందు ఆ గది చూపించమని అడుగు. ఒక్కదానివే అడగవద్దు, పిల్లలున్న తల్లులూ తండ్రులూ కలిసి అడగండి. నాలుగు రోజులను మూడు చేయమనీ, కొత్తవాళ్ళూ మీరూ ఒకే రోజుల్లో వచ్చేలా చూడమనీ అడగండి. ఎవరి ఇంట్లో వారు కూర్చుని విడివిడిగా మెయిలు రాస్తే, అది షావుకారు ముందు మీ తాతయ్య నిలబడినట్టే ఉంటుంది.

ఈ ఎంపిక దొరకడమే కొందరికని కూడా గుర్తుంచుకో. 2020 ఏప్రిల్‌లో నువ్వు ఈ గదిలో ఉండగా, నేను మూతికి గుడ్డ కట్టుకుని రోజూ బ్యాంకుకు వెళ్ళాను. జన్‌ధన్ ఖాతాల్లో పడిన 500 రూపాయల కోసం ఆడవాళ్ళు ఎండలో వరుస కట్టి నిలబడ్డారు, వాళ్ళకు డబ్బు తెర మీద నుంచి ఇవ్వలేం కదా. మే నెలాఖరున నేను పదవీ విరమణ చేసిన రోజున శాఖలో ఉన్నది ఆరుగురం. సభ లేదు, దండ లేదు. అయినా ఆ ఆరుగురూ నా ఎదురుగా ఉన్నారు. అది నాకు చాలింది.

ఆ విదేశీ సంస్థలో ఈ ఏడాది చేరవద్దనే నా సలహా. పాప బడిలో కుదురుకున్న తర్వాత మళ్ళీ ఆలోచిద్దాం. అయినా చేరాలనే నీకు అనిపిస్తే, చేరేముందు వాళ్ళను రాతపూర్వకంగా అడుగు: పని ఎన్ని గంటలకు ముగుస్తుంది, మనుషులు ఏడాదికి ఎన్నిసార్లు ముఖాముఖి కలుసుకుంటారు, ఎదురుగా కనిపించనివారి ప్రమోషను ఎవరు, ఏది చూసి నిర్ణయిస్తారు. జవాబు తప్పించుకుంటే నీకు తెలిసిపోతుంది.

కార్తీక మాసం వెళ్ళగానే నేను హైదరాబాదు వచ్చి రెండు నెలలు ఉంటాను. నువ్వు ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో పాప నా దగ్గర ఉంటుంది. ఈలోపు ఆ శిశు కేంద్రం చూసి, ఎలా ఉందో నాకు రాయి. నీ బల్ల ఇంకా ఆ బండ మీదనే ఉంది, మీ నాన్నగారు దాని మీద పంచాంగం పెట్టుకుంటున్నారు, దసరాకు నువ్వు వచ్చేసరికి తీసేస్తానన్నారు.

ఆశీస్సులతో,
అమ్మ.