అద్దం మూలన రెండు అక్షరాలు వేయలేరా?

సంపాదకులకు నమస్కారం.

స్టాండు సరిగా పడక నా మోటార్‌సైకిల్ పక్కకు ఒరిగి విండ్‌షీల్డ్ గోడకు కొట్టుకుంది. పైన ఎడమ మూల ముక్క ఊడిపోయింది. కింద స్క్రూ రంధ్రం దగ్గర్నుంచి రెండంగుళాల బీట పారింది. కొత్తది వేయించమని అందరూ చెప్పారు. మిగతా అద్దమంతా చెక్కుచెదరకుండా ఉంటే పారేయడానికి నాకు మనసొప్పలేదు.

తీరా పనిలోకి దిగాక అసలు చిక్కు ఎదురైంది. అద్దం ఏ ప్లాస్టిక్‌తో చేసింది, యాక్రిలిక్కా, పాలీకార్బొనేటా? అద్దం మీద కంపెనీ గుర్తు ఉంది గానీ ప్లాస్టిక్ పేరు లేదు. ఊడిన ముక్కను పట్టకారతో వంచి చూశాను. టప్పున విరిగింది, విరిగిన అంచు గాజులా మెరిసింది. పాలీకార్బొనేట్ అయితే మడత పడేదే తప్ప అలా విరగదు. యాక్రిలిక్ అని అప్పుడు తేలింది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. పాలీకార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ముందు ఆరబెట్టకుండా, వంచడానికి వేడి చేస్తే లోపల బుడగలు లేస్తాయి. యాక్రిలిక్ సుమారు 105 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది, చక్కగా వంగాలంటే 150 దాకా కావాలి. వేడి గాలి ఊదే హీట్ గన్‌ను ఒకేచోట నిలిపితే యాక్రిలిక్ కూడా పాడవుతుంది. ముందు విరిగిన ముక్క మీదే చేయి అలవాటు చేసుకున్నాను.

బీట కొసన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. గుండ్రటి అంచు దగ్గర ఒత్తిడి చెదిరిపోయి బీట ముందుకు పాకదు. పదునైన డ్రిల్లు బిట్టు యాక్రిలిక్‌ను కొరికి పగలగొడుతుంది కాబట్టి దాని అంచును రాయి మీద కాస్త మొద్దు చేసి, కింద చెక్క పెట్టి, నెమ్మదిగా దించాను. సూపర్ గ్లూ తెల్లటి పొర వదులుతుంది, అందుకే అంచులను కరిగించి కలిపే యాక్రిలిక్ సిమెంటు అనే ద్రవంతో అతికించాను. దాని ఆవిరి మంచిది కాదు, కిటికీలు తెరిచే ఉంచాలి. పైభాగాన్ని సన్నపళ్ల రంపంతో అడ్డంగా కోసి, 220 నుంచి 1000 నంబరు దాకా ఉప్పుకాగితంతో తడి చేస్తూ రుద్దాను. అంచున చిన్న గాటు మిగిలినా రేపటి బీట అక్కడే మొదలవుతుంది. ఆఖరున పై అంచును వేడిచేసి, గుడ్డ చుట్టిన దుంగ మీద అదిమి కాస్త పైకి తిప్పాను. ఇప్పుడది నా ముక్కు ఎత్తులో ఉంది, రోడ్డు అద్దం మీదుగా కనిపిస్తోంది.

బీట చూపుకు అడ్డంగా ఉంటే మాత్రం అతికించకండి, మార్చేయండి. రాత్రిపూట ఎదుటి లైటు ఆ గీత మీద పడి చెదురుతుంది.

తయారీదారులను నేను అడిగేది ఒక్కటే. అద్దం మూలన పాలీకార్బొనేట్ అయితే ‘పీసీ’ అనో, యాక్రిలిక్ అయితే ‘పీఎంఎంఏ’ అనో అచ్చు వేయండి. ఊడిన ముక్క చేతికి దొరికింది కాబట్టి నేను పరీక్షించగలిగాను. బీట మాత్రమే ఉన్నవాళ్లు ఏది విరిచి చూస్తారు? మీ వాహనాల పేజీలో కొత్త బండి గురించి రాసేటప్పుడు ఈ ప్రశ్న కంపెనీలను అడగమని మనవి.

– ఒక పాఠకుడు