ఇంటితోడు ఏర్పాటు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సంఘ సభ్యులందరికీ నమస్కారాలు.

ఈ సంవత్సరం మన సంఘం చేసిన పనుల్లో ఎక్కువ సమయమూ, ఎక్కువ చర్చా ఇంటితోడు ఏర్పాటుకే పట్టాయి కనుక ఈ నివేదికలో దాని గురించే వివరంగా విన్నవిస్తున్నాను. కంటి పరీక్షల శిబిరం, నవంబరులో పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్లు ఇప్పించడం, కార్తిక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు.

కోనసీమలో ఏ ఊరికి వెళ్ళినా పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండగా మండువా లోగిలి మొత్తానికి ఒకరిద్దరు పెద్దవాళ్ళే మిగిలిన ఇళ్ళు కనిపిస్తాయి. ఇంకోవైపు రంపచోడవరం, చింతూరు ప్రాంతాల నుంచీ, గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల నుంచీ చదువుకోసమో చిన్న ఉద్యోగం కోసమో అమలాపురం వచ్చి, గది అద్దె కట్టలేక అవస్థ పడుతున్న యువతీయువకులు ఉన్నారు. పెద్దవారు అద్దె తీసుకోకుండా ఒక గది ఇవ్వడం, వచ్చినవారు వారానికి ఇన్ని గంటలని ఇంటి పనుల్లో సాయపడుతూ రాత్రిపూట ఇంట్లో తోడుగా ఉండడం, ఇదే మన ఏర్పాటు.

ఇతర దేశాల్లో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. జర్మనీలో గది వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు నెలకు ఒక గంట సాయం అన్న లెక్క వాడుకలో ఉంది. ఫ్రాన్సులో 60 ఏళ్ళు దాటినవారు 30 ఏళ్ళ లోపువారికి ఇంట్లో చోటిచ్చే ఒప్పందాన్ని 2018లో చట్టంలోనే చేర్చారు. జర్మనీ లెక్కను మన కార్యవర్గం పరిశీలించి పక్కన పెట్టింది. మన పాత ఇళ్ళలో గదులు పెద్దవి. ఆ లెక్కన పోతే గది పెద్దదైనకొద్దీ పిల్లల మీద చాకిరీ పెరుగుతుంది. బ్రిటన్‌లో పాటించే ఒక నియమాన్ని మాత్రం ఉన్నదున్నట్టు తీసుకున్నాం. స్నానం చేయించడం, మంచాన ఉన్నవారికి శుభ్రం చేయడం వంటి సేవలు ఈ ఒప్పందంలోకి రావు. అటువంటి అవసరం ఉన్న ఇంటికి శిక్షణ పొందిన ఆయా కావాలి. చదువుకునే పిల్ల ఆ పని చేయలేదు, చేయమనడం న్యాయమూ కాదు.

పెద్దల పిల్లలు ఫోన్ చేసినప్పుడు దాదాపు ప్రతి ఒక్కరూ ముందుగా అడిగింది ఆస్తి గురించే. ఎవరో తెలియని మనిషి ఇంట్లో చేరి, రేపు ఖాళీ చేయనంటే ఏమిటన్నది వారి భయం. ఆ భయాన్ని మనం తేలిగ్గా తీసుకోలేదు. అందుకే ఇది కిరాయి ఒప్పందం కాదని, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో చెప్పిన లైసెన్సు తరహా అనుమతి, అంటే ఇంటి మీద ఏ హక్కూ రాకుండా ఉండనిచ్చే అనుమతి మాత్రమేనని, గడువు పదకొండు నెలలని, అద్దె పుచ్చుకోవడం లేదని స్టాంపు పేపరు మీద స్పష్టంగా రాయిస్తున్నాం. తోడుగా ఉండేవారు పెద్దల ఏటీఎం కార్డు వాడరాదు, అప్పు అడగరాదు, గిఫ్ట్ డీడ్ గానీ వీలునామా గానీ తమ పేర రాయించుకోరాదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ గురించి కూడా ప్రతి ఇంట్లో చదివి వినిపిస్తున్నాం. తమను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పుచ్చుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించే అధికారం ఆ సెక్షన్ ఈ చట్టం కింద ఏర్పాటైన ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. సొంత పిల్లలకు రాసిచ్చినా ఇదే వర్తిస్తుందని తెలిసి ఆశ్చర్యపోయిన పెద్దలు ఉన్నారు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరును పెద్ద అక్షరాలతో ఫోన్ పక్కన అంటించి వస్తున్నాం.

ఒక ఇంటి సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఆ మామ్మగారు అడిగిన సాయం కాగితం మీద మూడు ముక్కల్లో అయిపోయింది: తెల్లవారుజామున పెరట్లోకి దిగి మోటారు వేయడం, వారానికి సరిపడా బీపీ మాత్రలు డబ్బాలో సర్దడం, రాత్రి అబ్బాయి వీడియో కాల్ చేసినప్పుడు ఫోన్ పట్టుకోవడం. వర్షాకాలంలో నాచు పట్టిన ఆ పెరటి మెట్లే ఆవిడకు అన్నిటికంటే పెద్ద భయం. తోడుగా చేరిన అమ్మాయి మొదటి వారంలోనే మెట్ల మీద బ్లీచింగ్ పౌడరు చల్లి గీకి శుభ్రం చేసింది. అది ఒప్పందంలో లేని పని. ఇప్పుడు ఆ అమ్మాయి పరీక్షల రోజుల్లో మామ్మగారే ముందు లేచి కాఫీ కలిపి ఇస్తున్నారు. అదీ ఒప్పందంలో లేనిదే. గంటలు, పనులు ముందే తేల్చి రాసుకున్న చోటే ఇటువంటి ఆప్యాయత పెరుగుతోందని, “మన పిల్లలాంటిదే కదా” అంటూ లెక్క లేకుండా మొదలుపెట్టిన చోట నెల తిరక్కుండానే మాటలు తేడా వస్తున్నాయని కార్యవర్గం గమనించింది.

వంటింటి విషయం దాచకుండా చెప్పడమే మంచిది. కులం చూసి మనుషులను పంపమని కోరిన ఇళ్ళు ఉన్నాయి. సంఘం అందుకు ఒప్పుకోలేదు, ఇకముందూ ఒప్పుకోదు. మాంసాహారం ఇంట్లోకి రాకూడదన్న కోరిక వేరు. దాన్ని ముందే చెప్పి, వచ్చేవారు ఇష్టపడితేనే చేరుస్తున్నాం. గ్లాసు వేరు, కంచం వేరు అన్న ఇంటికి మాత్రం ఎవరినీ పంపలేదు.

సంక్రాంతి సెలవులు మరో పాఠం నేర్పాయి. ఊరినుంచి కొడుకులు, కోడళ్ళు, మనవలు దిగేసరికి ఒక ఇంట్లో విద్యార్థిని పుస్తకాలు గది నుంచి వసారాలోకి వచ్చాయి. ఎవరి దురుద్దేశమూ లేదు, చోటు చాలలేదు, అంతే. అయినా ఆ పిల్ల తిరిగొచ్చి చూసుకుని నొచ్చుకుంది. పండుగైనా పెళ్ళైనా ఒప్పందం ఉన్నంతకాలం ఆ గది వారిదేనన్న వాక్యాన్ని అప్పటి నుంచి చేర్చాం.

వరదల సంగతి మన ప్రాంతానికే ప్రత్యేకం. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇస్తారు. 2022 జూలై వరదను చూసినవారికి ఆ అంకెల అర్థం వేరే చెప్పనక్కర్లేదు. లంకలకు దగ్గరగా ఉన్న ఇళ్ళ ఒప్పందాల్లో మొదటి హెచ్చరికకే మందులు, దస్తావేజులు, పింఛను కాగితాలు, బియ్యం పైకి చేర్చాలని, రెండవ హెచ్చరిక వచ్చేలోగా పెద్దవారిని ముందే అనుకున్న బంధువుల ఇంటికో పునరావాస కేంద్రానికో చేర్చి, వారి పిల్లలకు ఫోన్ చేయాలని రాసుకున్నాం. ఆ పని పూర్తయ్యాక తోడుగా ఉన్నవారు తమ ఇంటికి వెళ్ళవచ్చు. లంకల నుంచి వచ్చిన పిల్లలకు తమ ఇంటి చింత కూడా ఉంటుందని మనం మరచిపోకూడదు.

మధ్యలో ఆగిపోయిన ఒప్పందాలు కూడా ఉన్నాయి. కొన్ని చోట్ల చదువు ముగిసింది, కొన్ని చోట్ల పెద్దవారిని పిల్లలు తమ దగ్గరకు తీసుకెళ్ళారు, మరికొన్ని చోట్ల పొసగలేదు.

రాబోయే సంవత్సరానికి రెండు తీర్మానాలను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాం. మొదటిది, ఒప్పందం రాసుకునే ముందు ఇరుపక్షాలూ ఒక పక్షం రోజులు కలిసి ఉండి చూసుకోవాలన్నది. రెండవది, మహిళా సభ్యులు ఇద్దరు నెలకోసారి ప్రతి ఇంటికీ వెళ్ళి, పెద్దవారితోనూ తోడుగా ఉన్నవారితోనూ విడివిడిగా మాట్లాడి రావాలన్నది. ఈ రెండో పనికి కాలూచేయీ ఆడుతున్న సభ్యులు కావాలి. ముందుకు వచ్చేవారు సమావేశం రోజునే తమ పేర్లు నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి